ఎర్ర బకెట్టుతో ఎదురు

హాలిఫాక్స్,
ఆగస్టు 14.

అక్కయ్యకి, చెల్లెలు సుగుణ దణ్ణాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను, సాకేత్, కోడలు మధుమిత, వాకిట్లో గోంగూర మొక్కలు అందరం కులాసా. తణుకులో నువ్వు, బావగారు, బావగారి బీపీ, పెళ్ళికూతురు వాసంతి కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేవిటని విసుక్కోకు. ఫోనంటే నువ్వు స్పీకరు పెడతావు. నేనిక్కడ "అక్కా" అంటే అక్కడ బావగారు "ఏం సుగుణా" అంటారు, వంటమ్మాయి "బావున్నారా అమ్మగారూ" అంటుంది, పక్కింటి జనార్ధనరావు గారు కెనడాలో వర్షాలు ఎలా ఉన్నాయని అడుగుతారు. ఇందులో సంగతి నీ ఒక్కదానికే. గది తలుపు వేసుకుని చదువు. బావగారు ఏవిటని అడిగితే పెళ్ళి సామాన్ల జాబితా అని చెప్పు.

పోయిన ఉత్తరంలో మూడు మాటలు అడిగావు. సుగుణకి మతి సరిగ్గా ఉండటం లేదని సాకేత్ అన్నాడు, నిజమేనా అని ఒకటి. ఫొటోలో నీ భుజం మీద చెయ్యేసి నిలబడ్డ ఆ తాటిచెట్టంత తెల్లపిల్ల ఎవరు అని రెండోది. వాసంతి పెళ్ళికి వస్తున్నావా లేదా, ఈసారైనా ఒక్క ముక్కలో చెప్పు అని మూడోది. మూడోదానికి జవాబు ఆఖర్న రాస్తాను. ముందుగా చివరి కాగితం తీసి చూడకు. నీ సంగతి నాకు తెలుసు.

ముందు ఆ పిల్ల గురించి చెబుతాను. పేరు ఒలేస్యా. ఉక్రెయిన్ దేశం, ఖార్కివ్ అనే ఊరు. టెన్నిస్ ఆడటమే దాని వృత్తి. మూడేళ్ళ కిందట మధుమిత వెళ్ళే క్లబ్బులో ఆడపిల్లలకి ఒక చిన్న టోర్నమెంటు పెట్టారు. ఇలాంటి చిన్న పోటీలకి దేశదేశాల నుంచి వచ్చే పిల్లలకి హోటళ్ళలో దిగే స్తోమతు ఉండదు. ఊళ్ళో వాళ్ళే తలా ఒకళ్ళని ఇంట్లో పెట్టుకుంటారు. మన చిన్నప్పుడు వారాలబ్బాయికి అన్నం పెట్టినట్టన్నమాట. మధుమిత నన్నడక్కుండానే మన ఇంటి పేరు రాయించేసి వచ్చింది.

వచ్చిన రోజు దాన్ని చూస్తే నా కడుపు తరుక్కుపోయిందే అక్కా. ఇరవై రెండేళ్ళు. మనిషంత పొడుగు సంచీ, అందులో ఆరు రాకెట్లు, రెండు జతల బట్టలు. ఉండటానికి ఇల్లంటూ లేదు, ఏడాదిలో నలభై వారాలు ఎవరో ఒకళ్ళ ఇంట్లోనే. వాళ్ళ ఊళ్ళో అది ఆట నేర్చుకున్న కోర్టు మీద బాంబు పడిందట. వాళ్ళమ్మ టీచరు, భూమి కింద మెట్రో స్టేషన్లో పిల్లలకి బడి చెబుతోందిట. ప్రపంచంలో దీని ర్యాంకు అప్పటికి నాలుగు వందల పన్నెండు. అదే చాలా గొప్ప అనుకున్నాను నేను. మన తణుకులో నాలుగు వందల పన్నెండో మనిషి ఎవరో మనకి తెలుసా! అది మాత్రం పెదవి విరిచి, "బాబా, ఈ సమ్మర్ గెలవకపోతే ఫినిష్. రాకెట్లు ఇచ్చేసి వార్సాలో మా పిన్ని బేకరీలో రొట్టెలు కాలుస్తా" అంది. బాబా అంటే షిరిడీ అనుకునేవు, వాళ్ళ భాషలో బామ్మ అని. దాని ఇంగ్లీషు, నా ఇంగ్లీషు ఒక్క బళ్ళో చదువుకున్నట్టుంటాయి కాబట్టి మా ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. మధుమిత, సాకేత్ మాట్లాడే ఇంగ్లీషే మాకు అర్థం కాదు.

మర్నాడు పొద్దున్నే దాని మొదటి ఆట. నాకు ఆ సంగతి గుర్తు లేదు. పక్క సందులో కుళాయి దగ్గర ఎర్ర బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుని గోంగూరకి పోద్దామని వాకిట్లోకి వచ్చాను. సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుని, సంచీ వీపున వేసుకుని అది బయటికి వచ్చింది. ఎదురెదురుగా పడ్డాం.

నా సంగతి నీకు తెలుసుగా. మీ మరిది కన్నుమూసిన ఏడాది, మీ అత్తగారు కంటి ఆపరేషనుకి బయల్దేరుతూ గుమ్మంలో నన్ను చూసి, మాటా పలుకూ లేకుండా వెనక్కి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరింది. ఆ రోజు నుంచి ఎవరైనా ప్రయాణమైతే నేను కంటపడను. వంటింట్లో దూరతాను, లేకపోతే బాత్రూములో. సాకేత్ ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజు దుప్పట్ల బీరువా వెనక నిలబడ్డాను. కెనడా వచ్చినా ఆ బుద్ధి పోలేదు. అందుకని ఆ పిల్ల కనబడగానే ఒక్క గెంతు గెంతి పక్కనున్న పూలపొదలో పడ్డాను. బకెట్టులో సగం నీళ్ళు దాని ఎడం బూటు మీద పడ్డాయి.

పడ్డాననుకుని అది పరుగెత్తుకొచ్చి, నన్ను లేవదీసి, చీరకి అంటుకున్న ఆకులు దులిపి, "బాబా, ఓకే? ఓకే?" అని పది సార్లు అడిగి, బస్సు వచ్చేస్తుంటే ఆ తడి బూటుతోనే పరుగెత్తింది. నేను ఇంట్లోకొచ్చి దేవుడి ముందు కూర్చుని ఒకటే ఏడుపు. అయ్యో, వెధవరాలు ఎదురొచ్చింది, పిల్ల రొట్టెల కొట్లో పడ్డట్టే అనుకున్నాను.

మధ్యాహ్నానికి గెలిచి వచ్చింది! అదీ ఎలా, ఆరు ఒకటి, ఆరు సున్నా. అవతలి పిల్ల దీనికంటే రెండు వందల మెట్లు పైన ఉన్నదిట.

రెండో రోజు నేను జాగ్రత్తపడి పైనున్న బాత్రూములో దూరి గడియ పెట్టుకున్నాను. ఎనిమిదయింది, ఎనిమిదింపావు అయింది. తలుపు దబదబా బాదుతోంది మధుమిత. "అత్తయ్యా, ప్లీజ్ బయటికి రండి, ఒలేస్యా బస్ మిస్సయింది. మీరు బకెట్ పట్టుకుని ఎదురొస్తే కానీ వెళ్ళనంటోంది!"

ఈ ఆటగాళ్ళ తంతు అప్పుడు తెలిసింది నాకు. గెలిచిన రోజు ఏం చేశారో మర్నాడూ తు.చ. తప్పకుండా అదే చెయ్యాలట. అదే గిన్నెలో తినాలి, అదే కుళాయి కింద స్నానం చెయ్యాలి, అవే మేజోళ్ళు. మన సోమిదేవమ్మత్తయ్య మడి వీళ్ళ ముందు ఏ మూలకీ చాలదు. సరే కదా అని కిందకి దిగి, తొందరలో ఖాళీ బకెట్టు పట్టుకుని ఎదురెళ్ళాను. అక్కా, ఆ పిల్ల కెవ్వున కేకేసి తలుపు మూసేసింది!

ఖాళీ బకెట్టుతో ఆడమనిషి ఎదురైతే వాళ్ళ దేశంలో మహా అపశకునమట. నిండు బకెట్టయితే శుభమట. మనకి బిందెలు, వాళ్ళకి బకెట్లు, అంతే తేడా. దానికి అనుమానం తీరక అప్పటికప్పుడు ఖార్కివ్‌కి ఫోన్ చేసి వాళ్ళమ్మని అడిగింది. స్టేషన్లో పిల్లల ఎక్కాలు ఆపి మరీ ఆవిడ చెప్పింది, నిండుగానే ఉండాలని. నేను మధుమితని పక్కకి పిలిచి, "నేను విధవనని దానికి చెప్పవే, బకెట్టు సంగతి తరవాత" అన్నాను. మధుమిత చెప్పింది. ఆ పిల్ల "సారీ, బాబా. హస్బెండ్ గురించి సారీ" అని నన్ను కావలించుకుని, "ఇప్పుడు వాటర్ పట్టు" అంది.

అంతే. నేను చెప్పిన సంగతి దాని లెక్కలోకే రాలేదు. వాళ్ళ ఊళ్ళో బకెట్టుని చూస్తారు గానీ పట్టుకున్న మనిషిని చూడరు. నేను నీళ్ళు పట్టాను, ఎదురొచ్చాను, ఎడం బూటు మీద చెంబుడు నీళ్ళు పోశాను. బూటు కూడా తడవాలట, అదొకటి. అలా ఎనిమిది రోజులు ఎదురొచ్చాను. ఎనిమిది రోజులూ గెలిచి కప్పు పట్టుకొచ్చింది. ఎడం కాలి బొటనవేలు మాత్రం నాని నాని ముడతలు పడిపోయింది పాపం.

ఇక నీ మొదటి ప్రశ్న, నా మతి సంగతి. ఊళ్ళు తిరగడం మొదలెట్టాక అది ప్రతి ఆటకీ ముందు వీడియో కాల్ చేసేది. నేను ఫోనుని వాకిట్లో పూలకుండీకి ఆనించి, వెనక్కి ఇరవై అడుగులు వెళ్ళి, నిండు బకెట్టుతో ఫోనుకి ఎదురు నడిచి రావాలి. పోర్చుగల్‌లో ఆడితే ఎదురొచ్చాను. థాయిలాండ్‌లో ఆడితే ఎదురొచ్చాను. జనవరిలో ఆస్ట్రేలియాలో ఆడింది. ఇక్కడ మోకాళ్ళ దాకా మంచు. చీర మీద సాకేత్ కోటు, కాళ్ళకి వాడి బూట్లు, చేతిలో బకెట్టు. ఒకసారి నడిచొచ్చేసరికి నీళ్ళ మీద అప్పడంలాంటి మంచు పేరుకుంది. "గడ్డ కట్టింది, పరవాలేదా" అని అడిగితే "నిండుగా ఉందిగా, ఓకే" అంది ఆస్ట్రేలియా నుంచి.

పక్కింటి ముసలాయన నేవీలో చేసి రిటైరైన మనిషి. ఇదంతా కిటికీలోంచి చూసి బెంగపడి సాకేత్‌కి ఫోన్ చేశాడు. మీ అమ్మగారు మంచులో నీళ్ళు మోస్తూ పూలకుండీతో మాట్లాడుతున్నారు, డాక్టరుకి చూపించండి అని. వీడు చూపించనే చూపించాడు. డాక్టరమ్మ నన్ను గడియారం గీయమంది, గీశాను. వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంది, రెండు దాకా వెళ్ళి ఇంకా వెళ్ళమంటారా అన్నాను. ఈ రోజు ఏమిటో చెప్పమంటే పుష్య బహుళ ఏకాదశి అన్నాను. దానికి ఒక్క మార్కు తీసేసింది! ముప్పైకి ఇరవై తొమ్మిది. అదీ నా మతి. సాకేత్‌కి పెడితే ఎన్నొస్తాయో చూడాలని ఉంది నాకు.

ఆ పిల్ల ర్యాంకు మాత్రం ఏటికేడు ఎక్కుతూనే ఉంది. మొదటి ఏడాది మూడు వందల లోపు, రెండో ఏడాది నూట యాభై లోపు. ఈ వేసవికి యాభై ఎనిమిది! ఇప్పుడు దానికి కోచ్ ఉన్నాడు, హోటలు గది ఉంది, టీవీలో చూపిస్తున్నారు. అయినా హాలిఫాక్స్ వస్తే మన ఇంట్లోనే దిగుతుంది, గోంగూర పప్పు రెండుసార్లు వేసుకుంటుంది.

అక్కా, అది పైకి వెళ్తున్న కొద్దీ నాకు లోపల దడ ఎక్కువైంది. అది గెలిచినప్పుడల్లా సంతోషమే. మధ్యలో ఓడిన ఆటలన్నీ ఫోను సిగ్నల్ మీదకి తోసేశాం. కానీ ఎప్పుడో ఒకరోజు నేను స్వయంగా ఎదురొచ్చాక ఓడిపోతుందిగా, ఆ రోజు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? నా బతుక్కి ఈ మూడేళ్ళే నేను మంచి శకునాన్ని. అది పోతే మళ్ళీ బీరువా వెనక్కే. వాసంతి పెళ్ళి సంగతి అడిగినప్పుడల్లా టిక్కెట్లు దొరకలేదనీ, మోకాలు నొప్పనీ నీకు నేను చెప్పినవన్నీ కోతలే. మోకాలికి ఏమీ రాలేదు. బకెట్లు మోస్తున్నాను నేను!

పోయిన వారం మాంట్రియల్‌లో పెద్ద టోర్నమెంటు. రెండు ఆటలు గెలిచింది. మూడో ఆట ప్రపంచంలో ఆరో స్థానం పిల్లతో. ఈసారి ఫోను చాలదు, నువ్వే రావాలని నాకూ మధుమితకీ టిక్కెట్లు పంపింది. ఎర్ర బకెట్టుతో విమానం ఎక్కాను. సామానులో వెయ్యనివ్వలేదు నేను, ఒళ్ళోనే పెట్టుకున్నాను. స్టేడియం బయట ఆటగాళ్ళ గేటు దగ్గర కుళాయి వెతికి పట్టుకుని, నిండా నింపుకుని, సెక్యూరిటీ కుర్రదాని ముందు నిలబడ్డాను. "మేడమ్, లిక్విడ్స్ అలౌడ్ కాదు" అంది. ఇది లిక్విడ్ కాదమ్మా శకునం అని మధుమిత చేత చెప్పించాను. ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా నవ్వి, బకెట్టు తీసుకుని, నీళ్ళన్నీ కాలవలో పారబోసి, ఖాళీ బకెట్టు నా చేతికిచ్చి, "ఇప్పుడు ఓకే" అంది.

నా పరిస్థితి ఆలోచించు. విధవని, చేతిలో ఖాళీ బకెట్టు. రెండు దేశాల అపశకునాలూ ఒక్క మనిషిలోనే చేరాయి! అదే క్షణాన ఒలేస్యా కారు వచ్చి ఆగింది. నేను ఆలోచించలేదు. బకెట్టు సహా ఒక్క ఉరుకున ఐస్‌క్రీమ్ బండి వెనక్కి వెళ్ళి చతికిలబడ్డాను.

అది దిగింది. అటూ ఇటూ చూసింది. "బాబా ఎక్కడ?" అంది. మధుమిత బిక్కమొహం వేసింది. కోచ్ గడియారం చూసుకుంటున్నాడు. ప్రాక్టీసుకి దానికి ఇచ్చింది అరగంటే, అందులో పది నిమిషాలు ఆ గేటు దగ్గరే పోయాయి. అది కదలదు. ఐస్‌క్రీమ్ అబ్బాయి వంగి నన్ను చూసి, ఏ ఫ్లేవర్ కావాలని అడిగాడు.

నాకు ఒక్కసారిగా సిగ్గేసిందే. అరవై ఒక్క ఏళ్ళ మనిషిని, ఐస్‌క్రీమ్ బండి వెనక దాక్కోవడం ఏమిటి? నేను బయటికి రాకపోతే దాని ఆట అక్కడే పోయేట్టుంది. బకెట్టు ఆ అబ్బాయి దగ్గర వదిలేసి లేచాను. ఖాళీ చేతులతో, అందరూ చూస్తుండగా, దానికి ఎదురు నడిచాను. దగ్గరికి వెళ్ళి, "నీళ్ళు లేవే" అన్నాను తెలుగులోనే. అది నా రెండు చేతులూ పట్టుకుని, "ఓకే" అని, దాని సీసాలో నీళ్ళు అదే బూటు మీద కాసిని పోసుకుని లోపలికి వెళ్ళింది.

ఓడిపోయింది అక్కా.

మూడు గంటల ఆట. ఆఖరి సెట్టు ఏడు ఆరు. ఇంకో రెండు పాయింట్లు వస్తే గెలిచేది. ఆట మొదలెట్టే దెబ్బని సర్వ్ అంటారుట, అది రెండుసార్లూ తప్పితే డబుల్ ఫాల్టుట, పాయింటు అవతలివాళ్ళకే. మధుమిత నన్ను నడిపించుకుని లోపలికి తీసుకెళ్ళింది. అది తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుని ఉంది. నేను దాని కాళ్ళ దగ్గర కూలబడి, "నా వల్లే, నా వల్లే, నేను ఎదురు రాకుండా ఉండాల్సింది" అని ఏడిచాను.

తువ్వాలు తీసి నా వంక చూసింది. ఎంత కోపమో ఆ కళ్ళల్లో. "డబుల్ ఫాల్ట్స్ తొమ్మిది. ఆఖరి గేమ్‌లోనే మూడు. బాబా, సర్వ్ చేసింది నువ్వా?" అంది.

"కాదు" అన్నాను.

"మరి నీ వల్ల ఎలా? నా సర్వ్ చెత్త. నాది. నువ్వు తీసుకోకు" అంది. ఓటమి కూడా నాకు పెట్టదుట, పిసినారి!

మర్నాడు పొద్దున దానికి వేరే ఊరికి విమానం. హోటలు గది తలుపు కొట్టి, "బాబా, వెళ్తున్నా, ఎదురు రా" అంది. ఓడిపోయావుగా, ఇంకా ఎందుకే అన్నాను. "ఊరెళ్తున్నా కదా. నిన్ను చూసి వెళ్తే బాగుంటుంది" అంది. లిఫ్టు దగ్గర ఎదురొచ్చాను. బకెట్టు ఊసు అదీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సోమవారం ర్యాంకులు వచ్చాయి. నలభై తొమ్మిది.

ఇప్పుడు నీ ఒక్కదానికే చెప్పాల్సిన సంగతి. ఆరేళ్ళ కిందట మీ పెద్దమ్మాయి రిషిత పెళ్ళిలో, దాన్ని ముస్తాబు చేసి మండపానికి బయల్దేరదీసినప్పుడు నేను లేను. అరిసెలకి చీమలు పట్టాయేమో చూస్తూ ఉండిపోయానని తరవాత నీకు చెప్పాను. చీమలూ లేవు, ఏమీ లేవు. సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య, బాజాలు దూరమయ్యేదాకా కూర్చున్నాను. అక్కా, నువ్వు తలుపు తీశావు. నన్ను చూశావు. బయటికి రావే అంటావేమోనని నేను సగం లేచాను కూడా. నువ్వు ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయావు. నీ మీద నాకు కోపం లేదని ఆరేళ్ళూ అనుకున్నాను. ఉంది. చాలా ఉంది. రాసేశాను కాబట్టి ఇప్పుడు కాస్త తగ్గింది.

రిషితకి నేను ఎదురు రాలేదు కదా. మరి ఆ మొగుడూ పెళ్ళాలు రోజూ ఏసీ ఎంతలో పెట్టాలని ఎందుకు జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు? మీ మరిది ఆఖరిసారి ఆఫీసుకి బయల్దేరిన రోజు ఎదురొచ్చింది ఎవరో తెలుసా? ముత్తైదువే. పసుపు పాదాలతో, నిండు బిందెతో. నేనే. ఈ మాట పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. ఆయన గుండె ఆయన్ని మోసం చేసింది గానీ, నేనూ చెయ్యలేదు, బిందే చెయ్యలేదు.

నీ మూడో ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు. వస్తున్నాను. పెళ్ళికి పది రోజుల ముందే దిగుతాను. అమ్మ ఇత్తడి బిందె అటక మీద ఉండాలి, చింతపండు పెట్టి తోమించు. వాసంతి గుమ్మం దిగేటప్పుడు నీళ్ళు నిండా పట్టుకుని నేను ఎదురొస్తాను. ఎవరైనా నొచ్చుకుంటే వాళ్ళని సామాన్ల గదిలో కూర్చోమను, చోటు బాగానే ఉంటుంది. ఆ తరవాత కాపురంలో ఏం తేడా వచ్చినా వాళ్ళ సర్వ్ వాళ్ళు చూసుకోవాలి. నా మీదకి తేవద్దు.

వాసంతి పెళ్ళిచెప్పులు కాస్త తడుస్తాయేమో, ముందే చెప్పి ఉంచు.

ఇట్లు,
నిండు బిందెతో నీ వాకిట్లోకి రాబోయే,
నీ చెల్లెలు
సుగుణ